సగం తాగిన బొండాం

పోలీసు జీపులో ఆడమనిషి కనిపిస్తే మా పక్క ఊళ్ళలో జనం రెండే అనుకుంటారు. ఆమె దొంగతనం చేసైనా ఉండాలి, ఆమె ఇంట్లో దొంగతనం జరిగైనా ఉండాలి. నేను ఆ రెండూ కాదు. ఏలూరులో ఒక ఆస్పత్రి మానసిక వైద్య విభాగంలో సోషల్ వర్కర్‌ని. రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో మా వైపు పోలీసు అధికారి ఒకాయనకి ఒక ఆలోచన వచ్చింది. మతి చెదిరిన మనిషి గొడవ చేస్తున్నాడని స్టేషన్‌కి ఫోనొస్తే, కానిస్టేబుళ్ళు ఊరికే లాఠీలు పట్టుకుని పోకుండా, ఆస్పత్రి నుంచి ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళాలని. దానికి జీవో లేదు, పేరూ లేదు. మా పెద్ద డాక్టరుగారు గదంతా కలియజూసి నా దగ్గర ఆగారు. "మీకెలాగూ కుర్చీలో కూర్చునే అలవాటు లేదు కదండీ" అన్నారు.

ఆ మాట నిజమే. నాకు కుదురు తక్కువ. రోజూ తాడేపల్లిగూడెం నుంచి పాసింజరులో ఏలూరు వచ్చేదాన్ని. సీటు దొరికినా తలుపు దగ్గరే నిలబడేదాన్ని. దెందులూరు దాటితే చాలు, బ్యాగు భుజాన వేసుకుని, రైలు నాకోసమే ఆలస్యం చేస్తోందని విసుక్కునేదాన్ని. ఇంట్లో అన్నం కూడా వంటగదిలో అటూ ఇటూ తిరుగుతూనే తినేదాన్ని. మా అమ్మ చూసి చూసి, చెప్పడం మానేసింది.

స్టేషన్ వైపు నుంచి నాకు జతపడింది ఒక హెడ్ కానిస్టేబులు. పెంటపాడు పక్క మనిషి. యాభై దాటాయి. నేను పది మాటలు అనేసరికి ఆయన గొంతు సవరించుకోవడం పూర్తయ్యేది. ఎద్దునీ గుర్రాన్నీ ఒకే కాడికి కట్టారని ఆస్పత్రిలో అందరూ నవ్వారు. అందులో గుర్రం ఎవరో అడగాల్సిన పని లేకపోయింది.

ఆయనకి ఒక పద్ధతి ఉండేది. ఎవరింటికి వెళ్ళినా, లోపల ఎంత రభస జరుగుతున్నా, గుమ్మం ముందు ఆగి మంచినీళ్ళు అడిగేవారు. మొదటిసారి నాకు ఒళ్ళు మండింది. పెంటపాడు దగ్గర ఒక ఇంట్లో మనిషి గునపం పట్టుకుని టీవీ, అల్మరా, కనిపించిందల్లా పగలగొడుతున్నాడు. ఇంటిల్లిపాదీ వీధిలో ఉన్నారు. ఈయన చెమట తుడుచుకుంటూ వెళ్ళి, "బాబూ, ఎండలో పడొచ్చాం. కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా అండీ" అన్నారు. ఆ మనిషి ఆగిపోయాడు. చేతిలో గునపం వైపు చూసుకున్నాడు. దాన్ని గోడకి ఆనించి, లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. హెడ్డుగారు అరుగు మీద కూర్చుని తాగుతూ, ఇంక మీరు మొదలుపెట్టండి అన్నట్టు నా వైపు చూశారు.

"మీకు జీతమిస్తోంది దాహానికేనాండీ?" అని తిరుగు దారిలో అన్నాను.

"నీళ్ళివ్వడానికి లేచిన మనిషి చేతిలో ఇంకోటుండదండి, మేడమ్ గారూ. పైగా తన చేత్తో నీళ్ళిచ్చాక, ఆ మనిషినే కొట్టడానికి చెయ్యి రాదండి" అన్నారు.

మా పక్క అది నిజం. దాహమన్న మనిషిని గుమ్మంలో నిలబెట్టి ఊరుకోవడం ఇక్కడ ఎవరికీ చేతకాదు. బుద్ధి చెదిరినా ఆ అలవాటు చెదరదని ఆయన కనిపెట్టారు. తర్వాత్తర్వాత నేనూ దాని మీదే ఆధారపడ్డాను. ఆయన నీళ్ళు తాగుతారు, నేను మాట్లాడతాను, మనిషి జీపెక్కుతాడు. చాలా ఇళ్ళలో అలాగే జరిగింది.

ఆ ఫోను వేసవిలో వచ్చింది. కొల్లేటి అంచున ఒక ఊరు. అవతల మండవల్లి వైపైతే జిల్లా వేరు, మాకు సంబంధం ఉండేది కాదు. ఇది ఇవతలి ఊరే. అక్కడికి జీపు వెళ్ళేంతసేపూ నేను వెనక సీట్లో ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాను, ఎందుకంటే ఫోనులో చెప్పిన సంగతి అలాంటిది. ఒకామె నాలుగేళ్ళ కూతురితో సహా ఇంట్లో తలుపేసుకుంది. చేతిలో కత్తి ఉంది. ఊరి మంచినీళ్ళ చెరువులో ఎవరో విషం కలిపారని వారం నుంచీ అందరికీ చెబుతోంది. ఎవరూ వినలేదు. ముందురోజు నుంచీ తను నీళ్ళు ముట్టలేదు, పాపకీ పట్టలేదు.

మేం వెళ్ళేసరికి ఎండ మాడ్చేస్తోంది. రేకుల ఇల్లు. లోపల ఎలా ఉంటుందో తలుచుకుంటే నాకు ఊపిరాడలేదు. ఆమె భర్త చేపల చెరువు గట్టు మీద కాపలా ఉంటాడు, గట్టు మీది కొబ్బరిచెట్లు ఎక్కి బొండాలు దింపుతాడు. ఆమె చేతిలో ఉన్నది ఆ బొండాలు కొట్టే కత్తే. అతను మా కాళ్ళకి అడ్డం పడి, "పొద్దున్న దాకా పాప ఏడుపు వినపడిందండి. ఇప్పుడు వినపడట్లేదండి" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా అందరికీ పని తెలిసిపోయింది. పాప గొంతులో నీళ్ళు పడాలి.

మాతో వచ్చిన ఎస్సైగారు కుర్రవాడు. చెడ్డవాడు కాదు, తొందరమనిషి. తొందరలో నాకు తమ్ముడు కావలసినవాడు. "తలుపు బద్దలుకొట్టేద్దాం మేడమ్" అన్నాడు. బద్దలుకొట్టేలోపు ఆ కత్తి ఏం చేస్తుందని అడిగాను. "మీరు మాటల్లో ఉంటే పాప పోతుంది" అన్నాడు. ఇద్దరిదీ నిజమే. చివరికి ఒప్పుకున్నాడు. నేను చెయ్యి ఊపేదాకా ఎవరూ ఆమె మీద చెయ్యి వెయ్యకూడదు.

కిటికీ ఊచల్లోంచి చూశాను. పాప చాప మీద పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, పెదాలు తెల్లగా అట్టకట్టాయి. తల్లి గోడకి ఆనుకుని కూర్చుంది. పాతికేళ్ళు ఉంటాయేమో. నన్ను చూసి చటుక్కున లేచి, కత్తి వెనక్కి పెట్టుకుని, "మీరెవరండీ? దూరంగా ఉండండి. మిమ్మల్నేమీ అననండి" అంది.

నేను నేర్చుకున్నదంతా తీశాను. వాదించలేదు. విషం లేదని చెప్పలేదు. భయంగా ఉంది కదమ్మా అన్నాను.

"నాక్కాదండి, మీకుండాలి భయం" అంది. "మీ వెనకాల ఆ బాబుగారు చూడండి. సీసా నీళ్ళు తెచ్చుకుని తాగుతున్నారు. మా చెరువు నీళ్ళెందుకు తాగట్లేదండీ?"

వెనక్కి తిరిగి చూశాను. ఎస్సైగారు సీసా ఎత్తి గటగటా తాగుతున్నాడు. నా బ్యాగులోనూ ఏలూరు నుంచి తెచ్చుకున్న సీసా ఉంది. వేసవికి కాలవలు కట్టేసిన రోజులు, ఊరి చెరువులో నీళ్ళు అడుగంటి పచ్చగా ఉన్నాయి, పక్క చేపల చెరువుల వాసనే దీనికీ వచ్చింది. నేనైనా వాటిని నోట్లో పోసుకోను. ఎస్సైగారు గబగబా వచ్చి తన సీసా ఊచల్లోంచి ఇవ్వబోయాడు. "మూత తీసేసుందండి" అని ఆమె దాన్ని బయటికి తోసేసింది. నాది కూడా మూత తీసిందే.

అప్పుడు హెడ్డుగారు ముందుకొచ్చారు. ఆ ఎండలో, ఆ కంగారులో, ఎన్నేళ్ళ అలవాటో, నోట్లోంచి అదే వచ్చింది. "అమ్మా, నోరెండిపోతోంది తల్లీ. కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తావా?"

నేను తల పట్టుకున్నాను. లోకంలో ఆమె ఇవ్వలేనిది ఏదైనా ఉంటే అది ఒక్కటే.

ఆమె ఒక్క ఉదుటున కిటికీ దగ్గరికొచ్చి కత్తితో ఊచల మీద కొట్టింది. "తాగకండి! బాబ్బాబు, ఎవరిచ్చినా తాగకండి! చచ్చిపోతారండి!" అని గొంతు చించుకుని అరిచింది. ఆ అరుపుకి పాప సన్నగా ఏడ్చింది. పాప ఏడ్చినందుకు నాకు ప్రాణం లేచొచ్చింది, వెంటనే మాతో వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్ళు తలుపు వైపు నడుస్తుంటే మళ్ళీ పోయింది. హెడ్డుగారి మొహంలో అంత కంగారు నేనెప్పుడూ చూడలేదు. ఏం చెయ్యాలో ఆయనకీ తోచలేదు. "మరి దాహమేస్తోందమ్మా" అన్నారు, చిన్నపిల్లాడిలా.

ఆమె ఆయన్ని చూస్తూ ఉండిపోయింది. తర్వాత, "బొండాం అయితే తాగొచ్చండి" అంది. "చెట్టు మీద ఉంటుంది కదండీ. దాంట్లో ఎవరూ ఏమీ కలపలేరండి."

ఆమె భర్త అప్పటికే గట్టు వైపు పరిగెత్తుతున్నాడు. గెల భుజాన వేసుకొచ్చాడు. బొండాలు ఊచల్లో పట్టవు. రేకుకీ గోడకీ మధ్య సందుంటే, బయట మంచం నిలబెట్టి ఎక్కి, ఒక్కొక్కటే లోపలికి జారవిడిచాడు. దబ్బున పడ్డాయి. ఇప్పుడామె చేతిలో కత్తి ఉండాలనే నేను కోరుకున్నాను. మూడు దెబ్బలు వినపడ్డాయి. తర్వాత పాప తాగుతున్న చప్పుడు. ఎస్సైగారు టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు, కళ్ళతో సహా.

అక్కడితో ఆగినా బాగుండేదేమో. మళ్ళీ కత్తి దెబ్బలు. "మీకూ కొట్టానండి, తీసుకోండి" అని ఆమె కిటికీ దగ్గరికొచ్చింది. చెక్కిన బొండాం ఊచల మధ్య పట్టలేదు. "గ్లాసులో పోసివ్వు తల్లీ" అన్నారు హెడ్డుగారు.

"గ్లాసు ఆ నీళ్ళతోనే కడిగానండి" అంది.

ఒక్క క్షణం ఆలోచించింది. దాహమన్న మనిషి బయట ఎండలో నిలబడి ఉన్నాడు. గడియ చప్పుడైంది.

కానిస్టేబుళ్ళు తలుపుకి అటొకరూ ఇటొకరూ గోడకి అంటుకుపోయారు. తలుపు తెరుచుకుంది. ఆమె ఒక చేతిలో బొండాం, ఇంకో చేతిలో కత్తి. వెనకాల పాప. హెడ్డుగారు రెండు చేతులా బొండాం అందుకుని, పైకెత్తి తాగడం మొదలుపెట్టారు. ఆమె ఆయన గొంతు వంకే చూస్తోంది. పిల్లలు అన్నం తింటుంటే తల్లులు అలా చూస్తారు. ఆమె కత్తి పట్టిన చెయ్యి మెల్లగా కిందికి దిగుతోంది. ఇంకొంచెం ఆగితే అదే జారిపోతుంది అనుకున్నాను. నా చెయ్యి కదల్లేదు. హెడ్డుగారి ఎడమచెయ్యి బొండాం మీంచి కిందికి దిగింది. పక్కన వేళ్ళు కదిలాయి. నేను చూశాను.

కానిస్టేబుళ్ళిద్దరూ ఒకేసారి ఆమె మీద పడ్డారు. కత్తి ఎగిరి వీధిలో పడింది. బొండాం ఆయన చేతిలోంచి జారింది. నీళ్ళు ఆయన బూట్ల మీద, దుమ్ములో పోయాయి. ఆమె తన గురించి ఒక్క మాట అనలేదు. మట్టిలో మొహం ఆనించి, "వదలండి, ఆయన సగమే తాగారండి! సగమే తాగారండి!" అని మొత్తుకుంది. ఊరి జనం చప్పట్లు కొట్టారు. ఎస్సైగారు నా చెయ్యి పట్టుకుని ఊపేసి, "సక్సెస్ మేడమ్" అన్నాడు.

ఆమెని ఏలూరులో చేర్పించి బయటికొచ్చాక హెడ్డుగారి మీద ఒంటికాలి మీద లేచాను. చెయ్యి ఊపాల్సింది నేను కదా అన్నాను. నీళ్ళిచ్చిన చేతిని పట్టించారు అన్నాను. ఆయన అంతా విన్నారు.

"ఆ కత్తి పాప వైపు తిరిగి ఉంటే, మీరూ నేనూ ఏం చెప్పేవాళ్ళం అండీ?" అన్నారు.

కోపం మాత్రం పోలేదు. ఎవరి మీదో కూడా తెలీని కోపం.

మందులకి ఆమె త్వరగానే తేరుకుంది. వానలు పడేలోపు ఇంటికి పంపారు. నెలకోసారి మందుల కోసం భర్తతో వచ్చేది. మెత్తగా మాట్లాడేది. తనని ఎలా పట్టుకున్నారో, ఎవరు లాక్కెళ్ళారో ఎప్పుడూ ఎత్తలేదు. ప్రతిసారీ ఒకటే అడిగేది. "ఆయన బాగున్నారా అండీ? ఏం కాలేదు కదండీ?" ఆ మాట హెడ్డుగారికి చేరవేస్తే, ఆయన గొంతు సవరించుకుని వేరే సంగతి ఎత్తేవారు.

ఆయన నీళ్ళు అడగడం మానేశారు. ఎవరింటికెళ్ళినా మౌనంగా గుమ్మం పక్కన నిలబడేవారు. చేతిలో సొంత సీసా ఒకటి చేరింది. ఇదేంటండీ అంటే, "నీళ్ళెక్కువ తాగమన్నారండి డాక్టరుగారు" అని నవ్వేశారు. ఆయన అడక్కపోతే నా మాటలు ఎవరికీ పట్టట్లేదు. ఒకటి రెండు చోట్ల లాఠీలే పని ముగించాయి. రాత్రి ఇంటికొచ్చి గదిలో తిరుగుతుంటే, పడుకోమని మా అమ్మ మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.

అంతలో కొల్లేటి ఊరామె మందులకి రావడం ఆగిపోయింది. ఒకరోజు భర్త ఒక్కడే వచ్చాడు. "పగలంతా గడియేసుకునే ఉంటోందండి. ఊళ్ళో వాళ్ళు కిటికీలోంచి తొంగి చూసి నవ్వుతున్నారండి. నేను వెళ్ళి పిలిస్తేనే తీస్తోంది. రమ్మంటే మళ్ళీ పట్టుకుంటారు, రానంటోందండి. మందులు కూడా అయిపోవచ్చాయండి" అన్నాడు. మందులు ఆగి జబ్బు తిరగబెడితే ఆ తలుపు ఇంకోసారి ఎవరి కోసం తీస్తుంది? దాహమన్నవాడి కోసం తీస్తే ఏం జరిగిందో ఆమెకి తెలుసు.

ఆదివారం హెడ్డుగారు వెళ్ళే చర్చి దగ్గర, ప్రార్థన అయ్యాక ఆయన్ని పట్టుకున్నాను. వెనక బెంచీలో కూర్చునే అలవాటు ఆయనకి, తప్పించుకునే వీల్లేకుండా బయటే నిలబడ్డాను. ఆమె ఇంటికి వెళ్దామంటే, "నేనొస్తే ఇంకా భయపడుతుందండి" అన్నారు. వస్తారా రారా అన్నాను. తెల్లచొక్కాలో, సీసా లేకుండా వచ్చారు.

వానలకి కొల్లేరు నిండింది. రోడ్డుకి రెండు పక్కలా గుర్రపుడెక్క. ఆటో దిగి సన్నటి తుంపరలో నడిచాం. తలుపు వేసే ఉంది. కిటికీకి పాత చీర అడ్డం కట్టి ఉంది. నేను పిలిచాను. ఆస్పత్రి నుంచి వచ్చానమ్మా అన్నాను. మందులు తెచ్చాను అన్నాను. నా గొంతు నాకే ఫోనులో రికార్డయిన గొంతులా వినపడింది. లోపల అలికిడి ఉంది, జవాబు లేదు. గుమ్మం ముందు అటూ ఇటూ తిరిగాను. తలుపు మీద కొట్టబోయి ఆగాను, మళ్ళీ కొట్టబోయాను.

హెడ్డుగారు అంతసేపూ వీధిలోనే గొడుగు కింద ఉన్నారు. చివరికి గొడుగు మూసి కిటికీ దగ్గరికొచ్చారు. చాలాసేపు గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, నేను. ఆ రోజు సగమే తాగాను" అన్నారు. "వాళ్ళకి సైగ చేసింది నేనే తల్లీ."

చీర కదల్లేదు. ఆ రెండో మాట ఎందుకన్నారా అని ఆయన మీద మండిపడ్డాను. అది చెప్పాక ఎవరైనా తలుపు తీస్తారా?

"చూశానండి" అంది లోపల్నుంచి. "మీ చెయ్యి చూశానండి."

ఆయన తల వంచుకుని నిలబడ్డారు, తడుస్తూ. ఏమీ అడగలేదు. అడగరని నాకు తెలుసు, అడిగే మొహం లేదు ఆయనకి.

"ఇప్పుడు బొండాం ఇవ్వలేనండి" అంది ఆమె. "కత్తి మీవాళ్ళే పట్టుకెళ్ళారు కదండీ." మళ్ళీ తనే, "మంచినీళ్ళయితే ఉన్నాయండి. తాగుతారా అండీ?" అంది.

హెడ్డుగారు తల ఊపారు. చీర వెనకనుంచి చూసిందేమో, గడియ తీసిన చప్పుడైంది.

గ్లాసు నిండా నీళ్ళతో వచ్చి, రెండు చేతులా అందించింది. ఆయన రెండు చేతులా పుచ్చుకున్నారు. ఈసారి ఏ చెయ్యీ కిందికి దిగలేదు. ఆమె గుమ్మంలో నిలబడి ఆయన గొంతు వంకే చూసింది, చివరి చుక్కదాకా. పాప వచ్చి తల్లి కొంగు పట్టుకుంది. ఖాళీ గ్లాసు తీసుకుని, ఆమె నా వైపు తిరిగింది.

"మీకూ తెమ్మంటారా అండీ?"

నా బ్యాగులో ఏలూరు సీసా ఉంది. తెమ్మన్నాను. గుమ్మంలోనే నిలబడి తాగబోతుంటే, "కూర్చుని తాగండి" అంది. కూర్చున్నాను.